మళ్ళీ అన్నవాడు

ముందు గొంతు విన్నాను. మనిషిని తర్వాత చూశాను.

ఆసుపత్రి వెనక వసారాలో ఉతికిన దుప్పట్లు ఆరేస్తున్నాను. ముందు గదిలో ఎవరో డాక్టరు పురుషోత్తంగారికి బాధ చెప్పుకుంటున్నారు. "గుండె ఆగిపోతోందండీ. ఊపిరి సగంలో తెగిపోతోందండీ. ఈ చేతులు చూడండి, ఎలా వణుకుతున్నాయో."

మాటకూ మాటకూ మధ్య ఆగి, ఒక్కో మాటనూ విడిగా నిలబెట్టే గొంతు అది. మగ్గం వెనక నిలబడి రంగులు పిలిచిన మనిషి గొంతు ఎన్నేళ్లు గడిచినా మారదు. తడి దుప్పటి నా చేతిలో అలాగే ఉండిపోయింది. వచ్చింది దస్తగిరి. తొమ్మిదేళ్ల క్రితం మా ఆయనను మగ్గం మీంచి దింపేసిన మేస్త్రీ.

అతను నన్ను ఎరగడు. ఆ రోజుల్లో మేం ఆడవాళ్లం కార్ఖానా పెరట్లో, గోడకు ఇవతల కూర్చుని ఉన్ని వడికేవాళ్లం. మగవాళ్ల ఎదుటికి వెళ్లేవాళ్లం కాదు. అతని గొంతు మాకు రోజంతా వినపడేది, మా ముఖాలు అతను ఒక్కసారి కూడా చూడలేదు.

ఏలూరు తివాచీ ఎలా నేస్తారో తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. నిలువు మగ్గం ముందు అడ్డంగా ఒక బల్ల ఉంటుంది. దాని మీద నేతగాళ్లు వరసగా కూర్చుంటారు. వెనక మేస్త్రీ నమూనా కాగితం పట్టుకుని పిలుస్తాడు. "రెండు ఎరుపు. ఒకటి నలుపు. మూడు పసుపు." నేతగాడు ఆ రంగు ఉన్ని తీసి ముడి వేసి, కత్తితో తెంపి, "అయింది" అంటాడు. అప్పుడు తర్వాతి పిలుపు. పిలుపు మీద అనుమానం వస్తే నేతగాడు "మళ్ళీ" అనాలి. మేస్త్రీ కాగితం చూసి ఇంకోసారి పిలవాలి. "మళ్ళీ" అని అడిగిన తర్వాత కూడా తప్పు రంగు పిలిస్తే ఆ తప్పు మేస్త్రీది. అడక్కుండా "అయింది" అంటే నేతగాడిది. కార్ఖానాల్లో ఇంతకు మించిన చట్టం లేదు.

మా ఆయన పేరు మదార్. తివాచీ మూలలు కట్టేవారు. అంచులో తీగలు వచ్చి కలిసే చోటు చాలా కష్టం. ఆ పిలుపు విడిగా, ఒక్కరికే పిలుస్తారు. ఎవరో దొరగారి బంగళాకని నేస్తున్న పెద్ద తివాచీలో, మూలన ఎర్ర తీగ ఉండాల్సిన చోట నల్ల తీగ వచ్చింది. నలభై రోజుల పని అయ్యాక కార్ఖానా యజమాని, అంటే దస్తగిరి మామగారు, దూరంగా నిలబడి చూసి పట్టుకున్నాడు.

"నేను ఎరుపే పిలిచాను. మదార్ నిద్రమత్తులో కట్టాడు" అన్నాడట దస్తగిరి.

"నేను మళ్ళీ అన్నాను. మళ్ళీ కూడా నలుపే పిలిచారు" అన్నారట మా ఆయన.

యజమాని బల్ల మీదున్న మిగతా ఏడుగురినీ అడిగాడు. ఏడుగురూ ఉన్ని చిక్కులు తీసుకుంటూ కూర్చున్నారు.

ఆ మూల మొత్తం మా ఆయన చేతనే విప్పించారు. ఒక్కో ముడీ కత్తితో గీరి పీకడానికి మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత పొమ్మన్నారు. ఏలూరులో ఇంకే కార్ఖానా ఆయనను బల్ల మీద కూర్చోనివ్వలేదు. నేను అప్పుడు మా చెల్లెలు సుగ్రా కాన్పుకని మండవల్లిలో ఉన్నాను. ఆయన కొల్లేటి గట్ల వెంబడి రెండు రోజులు నడిచి అక్కడికే వచ్చారు. ఉన్ని ముడులు వేసిన చేతులతో మొలలోతు నీళ్లలో నిలబడి, చాపలు అల్లేవాళ్లకు తుంగ కోసిపెట్టారు.

ఒకరోజు నేను అడగకూడని మాట అడిగాను. "నిజంగానే మళ్ళీ అన్నారా?" అన్నాను. ఆయన తుంగ మోపు దించి, చేతులు కడుక్కుని, నా వైపు కాసేపు చూశారు. ఆ తర్వాత ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆ వానాకాలం చలిజ్వరం వచ్చింది. తొమ్మిది రోజులకు పోయారు.

ఆయన అన్నారో లేదో నాకు తెలియాలి. ఆయన అన్నారని ఆ ఏడుగురి ముందు ఆ మేస్త్రీ నోటితోనే చెప్పించాలి. నేను ఏలూరు తిరిగి వచ్చింది అందుకే. దారి మాత్రం ఇన్నేళ్లకు గాని దొరకలేదు.

మా ఆసుపత్రి కాలువ పక్కన. నేను దుప్పట్లు ఉతకడానికి చేరాను. కాంపౌండరు తోమా మందుసీసాల మీద చీటీలు చూపించి నాకు అక్షరాలు నేర్పాడు. అప్పటికి నాకు నలభై ఒకటి. అక్షరాలు వచ్చాక వార్డులో ఆయమ్మగా వేశారు.

ఆ రోజుల్లో డాక్టరుగారు ఒక కొత్త వైద్యం మొదలుపెట్టారు. ఏ పరీక్షలోనూ జబ్బు కనపడని రోగులు కొందరు వస్తారు. ఒకరికి నిద్ర ఉండదు, ఒకరికి తల పగిలిపోతుంది, ఒకరికి తిన్నది ఇమడదు. భయమూ దిగులూ కండల్లో కూర్చుంటాయని, ఒక్కో అవయవాన్నీ బిగించి వదిలితే అవి దిగుతాయని ఆయన ఏదో ఇంగ్లీషు పుస్తకంలో చదివారు. కానీ ఆయన వదలమంటే రోగులు ఇంకా బిగుసుకుపోయేవారు.

ఉంగుటూరు నుంచి వచ్చిన సత్తిరాజుగారు అననే అన్నారు. "డాక్టరుగారండీ, తమరు వదులు అంటుంటే పన్ను పీకడానికి నోరు తెరవమన్నట్టు ఉందండీ."

గది తుడుస్తున్నదాన్ని ఉండబట్టలేక మగ్గం వరసలో పిలిచాను. "కుడి పాదం. బిగించండి. వదలండి. వదిలాక అయింది అనండి."

సత్తిరాజుగారు అన్నారు. ఎడమ పాదం పిలిచాను. మోకాళ్లు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, దవడ, కనురెప్పలు. చివరికి వచ్చేసరికి ఆయన గురక పెడుతున్నారు. డాక్టరుగారు ఆ రోజు నుంచి పిలుపు నాకే ఇచ్చేశారు. మగవాళ్లను నేను ముట్టుకోను. నేను పిలుస్తాను, తోమా భుజం మీద చెయ్యి వేసి వదిలారో లేదో చూస్తాడు.

ప్రతి రోగికీ మొదటే ఒకటి చెప్పేదాన్ని. "వదలకపోతే మళ్ళీ అనండి. సిగ్గుపడకండి. పదిసార్లు అంటే పదిసార్లు పిలుస్తాను." అసలు మందు అదే. వదలలేదని ఒప్పుకున్న మనిషే వదలగలడు. స్కూలు మాస్టారి భార్య వసుంధరగారు రాత్రిళ్లు పళ్లు నూరి తలనొప్పితో లేచేవారు. మొదటిరోజు దవడ దగ్గర ఆగిపోయారు.

"మళ్ళీ అండీ."

"మీ అత్తగారు ఇక్కడ లేరమ్మా, వదలండి."

"ఇంట్లో ఉన్నారు కదండీ!"

వార్డంతా నవ్వింది. ఆవిడా నవ్వారు. నవ్వులో దవడ వదిలింది.

రోజూ పొద్దున ఇంటి దగ్గర ఎవరికి వారే పిలుచుకోవాలి. సాయంత్రం కాలువ గట్టున నడవాలి. లోపల గుచ్చుతున్న సంగతి నమ్మిన మనిషి ఒకరికి చెప్పుకోవాలి. పదిరోజుల్లో రోగికి మా అవసరం లేకుండా పోవాలి. ఇది డాక్టరుగారి నియమం.

దస్తగిరిని పరీక్షించి డాక్టరుగారు, "గుండెకేం లోటు లేదు సాయిబుగారూ. బిగుసుకుపోయింది మీరు. మా ఆయమ్మ చెప్పినట్టు చెయ్యండి" అన్నారు.

"ఆడమనిషి పిలిస్తే నేను అయింది అనాలా?" అన్నాడు అతను.

"అనకపోయినా ఫరవాలేదండీ. ఊపిరి ఆడకుండా ఇంటికెళ్లిపోవచ్చు" అన్నాడు తోమా.

పడుకున్నాడు. నేను ముసుగు ముందుకు లాక్కున్నాను. "కుడి పాదం. బిగించండి. వదలండి."

అతను గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు. తర్వాత చిన్నగా, "అయింది."

జీవితమంతా వెనక నిలబడి పిలిచినవాడు, వెల్లకిలా పడుకుని నాకు బదులు చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సుఖం రాసుకోవడానికి సిగ్గుగా లేదు. ఆకలిగా ఉన్నవాడు మొదటి ముద్ద మింగినట్టు ఉంది. అప్పుడే తేల్చుకున్నాను, ఇతణ్ని త్వరగా నయం చెయ్యకూడదని.

అతనికి "మళ్ళీ" అనవచ్చని చెప్పలేదు. ఇంటి దగ్గర ఒక్కడే పిలుచుకోవచ్చనీ చెప్పలేదు.

నేను పిలిచినంతసేపూ అతనికి బాగుండేది. వణుకు తగ్గి, ముఖం తేటపడి లేచేవాడు. "నీ గొంతులో ఏదో ఉంది ఆయమ్మా" అనేవాడు. దీపాలవేళకు మళ్ళీ మొదలయ్యేది. మర్నాడు తలుపులు తీయకముందే అరుగు మీద కూర్చుని ఉండేవాడు.

"ఇంటి దగ్గర ఏమైనా చెయ్యమంటావా?"

"ఏమీ వద్దు సాయిబుగారూ. రేపు రండి."

శనివారాలు డాక్టరుగారు రైల్లో తాడేపల్లిగూడెం వెళ్లి స్టేషను దగ్గర గదిలో రోగులను చూసేవారు. నేనూ వెళ్లేదాన్ని. ఆ ఒక్కరోజు నా గొంతు లేక దస్తగిరి నరకం చూసేవాడు. ఆదివారం కళ్లు గుంటలు పడి వచ్చేవాడు.

"ఆ గూడెం ప్రయాణం మానకూడదా ఆయమ్మా? మనిషిని చంపేస్తున్నావు."

"అక్కడ కూడా రోగులున్నారు కదండీ" అనేదాన్ని మెత్తగా. నా కడుపు చల్లగా ఉండేది.

నలభై రోజులు అలా గడిచాయి. నలభై అని నేను లెక్కపెట్టుకున్నాను. ఆ తివాచీలో తప్పు పట్టుబడేనాటికి అయిన పని కూడా నలభై రోజులే.

తోమా పట్టుకున్నాడు. ఒకరోజు దస్తగిరి వెళ్లాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అతను భుజం అయింది అంటాడు. చెయ్యి వేస్తే రోకలిబండలా ఉంటుంది. నువ్వేమో ముందుకెళ్లిపోతావు."

"అయిందని ఆయనే అన్నారుగా."

"మళ్ళీ అనొచ్చని అందరికీ చెప్తావు. ఆయనకి చెప్పలేదేం?"

నేను బకెట్టు అందుకున్నాను.

"నీకు చుట్టమా ఏంటి?"

"కాదు."

"అయితే పగవాడా?"

"దుప్పట్లు నానుతున్నాయి. నేను వెళ్లాలి."

తోమా మంచివాడే. మంచివాడు కాబట్టే డాక్టరుగారికి చెప్పాడు. శుక్రవారం సాయంత్రం ఆయన నన్ను పిలిచారు. కోప్పడలేదు. ఆయన కోప్పడితే బాగుండేది.

"హలీమా, సగం మందు పోసి సగం దాచే కాంపౌండరును నేను ఉంచుకుంటానా?"

"ఉంచుకోరండీ."

"కారణం నేను అడగను. ఆదివారం ఆయన రాగానే మొత్తం నేర్పు. ఇంకో వారంలో ఆయన మన గడప తొక్కక్కర్లేకుండా ఉండాలి."

అంటే నాకు ఒక్క శనివారం మిగిలింది. ఆదివారం తర్వాత దస్తగిరి ఊపిరి నా చేతిలో ఉండదు. అతను గుండె నిండా గాలి పీల్చుకుని తన కార్ఖానాకు పోతాడు. మామగారు పోయాక అది అతనిదే. మా ఆయన మండవల్లిలో నిద్రమత్తు నేతగాడిగానే ఉండిపోతారు.

శనివారం పొద్దున రైలుకని బయలుదేరుతుంటే జట్కా వచ్చి ఆగింది. తోలేది వీరాస్వామి. "డాక్టరుగారండీ, దస్తగిరి సాయిబుగారు కార్ఖానాలో పడిపోయారండీ. నేను పోతున్నాను, ఆయమ్మని తీసుకురండి అని ఒకటే గోల అండీ."

డాక్టరుగారు నా వైపు చూశారు. "వెళ్లు. రేపు నేర్పమన్నది ఇవాళే నేర్పు. తోమా, నువ్వూ వెళ్లి నాడి చూడు. తేడాగా ఉంటే స్టేషనుకి కబురు పంపు, రైలు దిగి వచ్చేస్తాను."

ఆ కార్ఖానాలోకి ముందు గుమ్మం నుంచి వెళ్లడం నాకు అదే మొదటిసారి. మగ్గం మీద సగం నేసిన తివాచీ ఉంది. ఎనిమిదిమంది నేతగాళ్లూ అక్కడే ఉన్నారు, చేతులు ఆగిపోయి ఉన్నాయి. వాళ్లలో ఏడుగురు పాతవాళ్లే. జుట్టు నెరిసింది, అంతే తేడా. ఆ ఏడుగురిలోకీ పెద్దవాడు అమీర్ మాత్రం బల్ల దిగి కింద కూర్చుని దస్తగిరికి విసురుతున్నాడు. దస్తగిరి నేల మీద ఉన్ని మూటకు ఆనుకుని, నోరు తెరుచుకుని, ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుంటున్నాడు. చొక్కా తడిసిపోయింది.

తోమా నాడి చూశాడు. కళ్లు చూశాడు. నా పక్కకు వచ్చి, "వేగంగా ఉంది గాని గట్టిగా ఉంది. ఏమీ కాదు. పిలువు" అన్నాడు.

ఏమీ కాదని నాకు తెలిసింది. దస్తగిరికి తెలియదు.

"పిలువు ఆయమ్మా, పిలువు" అన్నాడు అతను.

నేను ఎదురుగా కూర్చున్నాను. ముసుగు వెనక్కి తోశాను.

"పిలుస్తాను సాయిబుగారూ. మీకు నేర్పని మాట ఇంకొకటి ఉంది. అది లేకుండా మీ భుజాలు వదలవు. అది మీకు తెలిసిన మాటే. ఈ బల్ల మీద మూలలు కట్టిన మదార్ అన్న మాట. అదేమిటో చెప్పండి, అప్పుడు పిలుస్తాను."

మా ఇళ్లలో ఆడవాళ్లు భర్త పేరు పలకరు. ఆ రోజు అందరి ముందూ పలికాను. అమీర్ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. బల్ల మీద ఎవరో "మదార్ ఇంటిది" అన్నారు.

"హలీమా!" అన్నాడు తోమా. నేను అతని వైపు చూడలేదు.

దస్తగిరి కళ్లు నా ముఖం మీద తిరిగాయి. "ఇప్పుడా... చచ్చిపోతున్నాను... ఇప్పుడా అడిగేది?"

"బాగున్నప్పుడు మీరు చెప్పలేదు కదండీ."

"ఎరుపే పిలిచాను."

"సరేనండీ."

లేచాను. గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు వేసుకున్నాను. బెదిరించడానికి లేచాననుకుంటారేమో. కాదు. వీధిలోకి వెళ్లిపోదామనే లేచాను. అతను అక్కడే, ఆ ఏడుగురి మధ్య, గాలి కోసం దేవులాడుతూ పడి ఉండాలి. వాళ్లు ఉన్ని చిక్కులు తీసుకుంటూ కూర్చోవాలి. ఒక కాలు గడప దాటింది.

"మళ్ళీ" అన్నాడు వెనక నుంచి.

తిరిగాను. "ఎవరన్నారు?"

"మదార్."

"బల్లకు వినపడలేదు."

"మదార్ మళ్ళీ అన్నాడు." ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటున్నాడు. "రెండుసార్లు అన్నాడు. కాగితం మడత పడి ఉంది. విప్పి చూస్తే అప్పటిదాకా తప్పు పిలిచానని మామకు తెలిసిపోతుంది. చూడలేదు. నలుపు, కట్టు అన్నాను. కట్టాడు."

రెండుసార్లు. నాకు ఆ లెక్క తెలియదు. మళ్ళీ అన్నాను అని మాత్రమే ఆయన చెప్పారు.

అప్పుడు అమీర్ విసనకర్ర నేల మీద పెట్టాడు. "రెండుసార్లు కాదమ్మా. మూడు." ముసలివాడు నా వైపు తిరిగాడు. "మూడోసారి అని నా వైపు చూశాడు. నేను అతని పక్కనే కూర్చుని ఉన్నాను. ఉన్ని వైపు చూసుకున్నాను."

బల్ల మీద ఒక్కరూ కాదనలేదు.

నేను ఒక్కడి కోసం వచ్చాను. వరస మొత్తం దొరికింది. దొరికినప్పుడు తేలికగా ఉంటుందని తొమ్మిదేళ్లు అనుకున్నాను. లేదు. ఆయన మూడుసార్లు అడిగిన తర్వాత కూడా, ఇంటికి వచ్చాక, భార్య కూడా అడిగింది, నిజంగానే అన్నారా అని. ఆ లెక్కలో నేనూ ఉన్నాను. అది నా లోపలే ఉంచుకున్నాను. వాళ్ల వంతు మాత్రం వాళ్ల లోపలే దాగి ఉండనివ్వదలచుకోలేదు.

"అందరూ బల్ల దిగండి. ఆయన చుట్టూ కూర్చోండి" అన్నాను. దిగారు. "అమీర్ సాయిబుగారూ, మీరు పిలవండి."

"నాకు రాదమ్మా."

"ఇన్నేళ్లు పిలుపులు విన్నారు. రాకేం. కుడి పాదం. బిగించండి. వదలండి. అంతే."

అమీర్ పిలిచాడు. ముసలి గొంతు, మధ్య మధ్య జీరపోతోంది. దస్తగిరి "అయింది" అనబోయాడు. తోమా కాలి పిక్క మీద చెయ్యి వేసి, "అవలేదండీ" అన్నాడు.

దస్తగిరి నా వైపు చూశాడు.

"మళ్ళీ" అన్నాడు అతను.

అమీర్ మళ్ళీ పిలిచాడు. భుజాల దగ్గర పదకొండుసార్లు అయింది. ప్రతిసారీ ఆ మాట అతని నోటి నుంచి రావడం ఏడుగురూ విన్నారు. పదకొండోసారి తోమా తల ఊపాడు. భుజాలు నిజంగానే దిగాయి. ఇంత లోతు ఊపిరి అతను నా దగ్గర ఎన్నడూ తీసుకోలేదు. లేచి కూర్చుని మంచినీళ్లు అడిగాడు. చేతిలో గ్లాసు తొణకలేదు.

"హలీమా బీబీ, నన్ను క్షమించావా?"

"లేదు సాయిబుగారూ. ఊపిరి బాగుందా?"

"బాగుంది."

"అయితే వినండి. రోజూ మధ్యాహ్నం అన్నాలకు ముందు పని ఆపించండి. ఇక్కడే పడుకోండి. ఎవరి వంతు వస్తే వాళ్లు పిలుస్తారు. వదలకపోతే మళ్ళీ అనండి. ఆసుపత్రికి ఇక రానక్కర్లేదు."

"ఇంటి దగ్గర ఒక్కణ్ణీ చేసుకోకూడదా?"

"మిగతావాళ్లు ఎవరికి వారే చేసుకుంటారు. మీకు అలా కుదరదు."

ఇది అబద్ధం. తోమా విన్నాడు. జట్కా కాలువ వంతెన ఎక్కాక అడిగాడు.

"డాక్టరుగారికి ఏం చెప్తావు?"

"జరిగింది జరిగినట్టు."

"ఒక్కడికీ కుదరదన్న ఆ అబద్ధం కూడానా?"

"అది నువ్వు చెప్తావుగా."

తోమాకు నవ్వు రాబోయింది. ఆపుకున్నాడు. మిగతా దారి గుర్రం తోక చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరుగారు గూడెం నుంచి వచ్చాక అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఊపిరాడని మనిషిని సాక్ష్యం అడిగావు."

"అవునండీ. నాడి బాగుందని తోమా చెప్పాకే అడిగాను."

"బాగాలేదని చెప్తే?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "అప్పుడూ అడిగేదాన్నేమోనండీ."

ఆయన బల్ల మీది కళ్లజోడు అందుకుని పెట్టుకున్నారు. "నువ్వు మంచిదానివనే ఇన్నాళ్లూ అనుకున్నాను. రేపటి నుంచి రోగుల గదిలోకి రాకు. దుప్పట్లు చూసుకో. ఎన్నాళ్లో నేను చెప్తాను."

ఆరు నెలలు అయింది. ఇంకా చెప్పలేదు. నా పిలుపు ఇప్పుడు వసుంధరగారు పిలుస్తున్నారు. తలనొప్పి పోయాక వారానికి రెండు రోజులు వచ్చి ఆడరోగులకు నేర్పుతున్నారు. నాకంటే బాగా పిలుస్తారు. ఆవిడ గొంతులో కోపం లేదు. ఆవిడ పిలిచేటప్పుడు వసారాలో నేను దుప్పటి పిండుతూ పిడికిళ్లు బిగించి వదులుతుంటాను. ఒక్కోరోజు వదులుతాయి.

సంగతి మా వీధంతా పాకింది. నెల తర్వాత ఒక శుక్రవారం, నమాజు అయ్యాక అమీర్ వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. వెనక ఆరుగురు.

"మండవల్లి వెళ్లి మదార్ గోరీ దగ్గర చెప్పుకుని వస్తామమ్మా. నువ్వు సరేనంటే."

"వెళ్లండి. నడిచి వెళ్లండి. ఆయన నడిచే వెళ్లారు."

"నాకు డెబ్బై దాటాయమ్మా."

"నెమ్మదిగా నడవండి."

వెళ్లారు. ఐదు రోజులకు తిరిగి వచ్చారు. మోకాళ్ల దాకా కొల్లేటి బురద ఎండి ఉంది. అమీర్ కుంటుతున్నాడు. అక్కడ ఏం చెప్పుకున్నారో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. అమీర్‌కు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు మాత్రం ఇచ్చాను.

ఆసుపత్రి గుడ్డలు చాకిరేవుకు వేయడానికి వెళ్లేటప్పుడు కార్ఖానా వీధిన వెళ్తే దగ్గర. మధ్యాహ్నం వేళ వెళ్తాను. మగ్గం చప్పుడు ఆగి ఉంటుంది. ఎవరో పిలుస్తుంటారు. దస్తగిరి బదులు చెప్తుంటాడు, ఎక్కువగా "మళ్ళీ" అనే. మనిషి ఒళ్లు చేశాడు. చేతులు వణకడం లేదట. రాత్రిళ్లు చంటిపిల్లాడిలా నిద్రపోతున్నాడట. అతని భార్య ఎదురుపడితే నా చేతులు పట్టుకుని, మా ఇంట్లో దీపం నిలబెట్టావు బీబీ అంటుంది. నేను తల ఊపుతాను.

ఐదు పూటలా నమాజులో అతని కోసం అడుగుతూనే ఉన్నాను. అతనికి ఏ జబ్బూ రాకూడదు. నూరేళ్లు బతకాలి. ఒక్క మధ్యాహ్నం కూడా తప్పకుండా, ఆ ఏడుగురి ముందు పడుకుని, మా ఆయన అన్న మాట అంటూ బతకాలి.